షాహీన్ ఆపాకు బదిలీగా

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. అమ్మ ఎప్పుడైనా చదివితే నొచ్చుకుంటుందని భయం. కాళ్ళూ చేతులూ కదలక దవాఖానలో పడి ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను వదిలి ఇంటికి వెళ్ళింది. ఆమె తలుపు దాటగానే నాకు ప్రాణం లేచొచ్చింది. జబ్బు మొదలైన తర్వాత ఒళ్ళు తేలికగా అనిపించింది అప్పుడే.

అమ్మ మీద ప్రేమ లేక కాదు. అది ఎందుకో రాయాలంటే జబ్బు దగ్గర మొదలుపెట్టాలి.

జూలై

చౌరస్తాలోని లైబ్రరీ నుంచి గని కంపెనీ వాళ్ళిచ్చిన మా క్వార్టరుకు నడిచి వచ్చాను. గడప దగ్గర అమ్మ నా కాళ్ళకేసి చూసి, "ఒక్క చెప్పుతోని వచ్చినవేందే?" అంది. చూసుకుంటే నిజమే. రెండో చెప్పు ఎక్కడ జారిందో నాకు తెలియలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను నడుస్తూ కూడా పుస్తకంలోనే ఉంటానని అమ్మ నమ్మకం. నాన్న గనిలో ఫస్ట్ షిఫ్టు దిగి వస్తూ దారంతా వెతికి ఆ చెప్పు తెచ్చిచ్చాడు.

మర్నాడు డాబా మెట్లు ఎక్కలేకపోయాను. ఆ తర్వాత చేతిలోంచి గ్లాసు జారింది. కంపెనీ దవాఖానలో డాక్టరు గారు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, నా ముఖంలోకి చూసి, అదే రోజు హైదరాబాదుకు పంపారు. నరాల జబ్బు అన్నారు. తగ్గుతుంది, కానీ ఓపిక పట్టాలి అన్నారు. మిగతా వివరాలు నాకూ సరిగా అర్థం కాలేదు, రాయను. ఇది చదివేవారికి ఒక్కటే చెప్తాను. కాళ్ళు మొద్దుబారి ఆ మొద్దు పైకి పాకుతుంటే, నీరసం అనుకుని టానిక్కులు తాగుతూ ఇంట్లో కూర్చోకండి. ఆ రోజే దవాఖానకు పోండి. మేము పోయాం కాబట్టే ఇది రాస్తున్నాను.

హైదరాబాదులో గండం గడిచాక, మిగతాది మా ఊళ్ళోనే చూసుకోవచ్చని గోదావరిఖని కంపెనీ దవాఖాన వార్డుకు పంపారు. కళ్ళు, నోరు తప్ప నాలో ఏదీ పూర్తిగా నా మాట వినేది కాదు. అమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుని పొద్దంతా నా కాలి వేళ్ళను చూసేది.

"కదిలిందా? జర కదిలియ్ బిడ్డా. ఏదీ, బొటనవేలు... ఇప్పుడు కదిలినట్టే ఉన్నది గదా?"

కదల్లేదు. కదల్లేదని చెప్పినప్పుడల్లా అమ్మ ముఖం వాడిపోయేది. వెంటనే నవ్వు తెచ్చిపెట్టుకునేది. జబ్బు కంటే ఆ నవ్వును చూడటమే నాకు కష్టంగా ఉండేది. అన్నం పెట్టేటప్పుడు కూడా అంతే. నోట్లో బుక్క మింగకముందే ఇంకో చెంచా పెదవుల దగ్గరికి వచ్చేది. తింటే బలం వస్తుందని ఆమె తొందర. వద్దని చెప్పడానికి నోట్లో అన్నం.

అలాంటి ఒక మధ్యాహ్నం ఎదురు క్వార్టరు రాజవ్వ సంచి పట్టుకుని వచ్చింది. ఆమె పెనిమిటి కూడా నాన్నలాగే గనిలో పనిచేసేవాడు, ఇప్పుడు లేడు. వచ్చీ రాగానే అమ్మను చూసి, "నీ తలకాయ ఎన్నడు కడుక్కున్నవే? జిడ్డు కారుతున్నది. పో, ఇంటికి వోయి తానం జేసి రా. నేనుంట" అని స్టూలు మీద నుంచి లేపింది. సంచిలోంచి ఎల్లిగడ్డలు తీసి పొట్టు వలవడం మొదలుపెట్టింది. నర్సు కోప్పడితే, "నీకు గూడ రెండు రెబ్బలిస్త తియ్యి" అంది.

నా కాళ్ళకేసి ఒక్కసారి కూడా చూడలేదు. పక్క మంచం మీది ముసలామెతో అల్లుళ్ళ ముచ్చట పెట్టుకుంది. ఎవరి అల్లుడు ఎక్కువ పనికిమాలినవాడని ఇద్దరికీ పోటీ పడింది.

"మా అల్లుడు తాగి పండుకుంటడు," అంది ఆ ముసలామె.

"నీదే నయం. మావోడు తాగకున్నా పండుకుంటడు," అంది రాజవ్వ.

నాకు నవ్వొచ్చింది. గొంతులోంచి చప్పుడు కూడా వచ్చింది. రాజవ్వ నావైపు తిరిగి, "నవ్వకు, నీక్కూడ వస్తడు ఒకడు" అని మళ్ళీ ఎల్లిగడ్డల్లో పడింది. ఆ కాసేపూ నేను రోగిని కాను. ఇద్దరు ఆడవాళ్ళ ముచ్చట వింటున్న మూడో మనిషిని.

అమ్మ తడి జుట్టు వీపు మీద వదులుకుని వచ్చింది. ముఖం తేటపడింది. ఇంటి దగ్గర నల్లా నీళ్ళ కోసం ఎవరెవరు తిట్టుకున్నారో చెప్పింది. వేళ్ళ సంగతి అడగడం మర్చిపోయింది. ఆ పూట మేమిద్దరం తల్లీబిడ్డల్లా మాట్లాడుకున్నాం. నేను దాచుకున్న మాట ఇంతే. సేవ చేసేవాళ్ళకే కాదు, చేయించుకునేవాళ్ళకు కూడా కాస్త తెరిపి కావాలి.

అక్టోబరు

బతుకమ్మ నాటికి ఇంటికి వచ్చాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, దానికి రెండు దిండ్లు. ఆడవాళ్ళంతా మా ముందరే తంగేడు, గునుగు పూలు పోసుకుని కూర్చున్నారు. నా వేళ్ళకు పువ్వు కాడ తుంచేంత బలం లేదు.

"నువ్వు తెంపకు. వాడినయి ఏరి పక్కకు పెట్టు," అంది రాజవ్వ. "నోరు మెదపకుండ జేసే పని. నీకోసమే పుట్టింది."

అందరూ నవ్వారు. నాకు చిన్నప్పటి నుంచీ నలుగురిలో మాట రాదు. డిగ్రీలో హాజరు పిలిచినా పక్కమ్మాయే నా తరఫున చెయ్యెత్తేది. ఆ సాయంత్రం మాత్రం పూల వాసనలో, వాడిన పూల కుప్ప ఒళ్ళో పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండానే అందరిలో కలిసిపోయినట్టు అనిపించింది.

డిసెంబరు

ఫిజియోథెరపీ గది బయట ఒక పొడవాటి బెంచీ ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళంతా ఎదురుచూపులో ఆరితేరినవాళ్ళు. గనిలో నడుం విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చిన పెద్దలు. నేను చేతికర్రతో వెళ్ళి చివర కూర్చునేదాన్ని. పుస్తకం తీసుకెళ్ళేదాన్ని కానీ, పేజీ తిప్పడమే ఒక కసరత్తు.

అక్కడే షాహీన్ ఆపాను చూశాను. ఆపా అంటే అక్క. ఆమె భర్త ఖాజా భాయి బస్టాండు వెనకాల బండ్ల మెకానిక్కు. ఆమె ఒళ్ళో ఎప్పుడూ కూతురు ఆఫ్రీన్ ఉండేది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి, మెడ నిలవదు, మాటలు రావు. కళ్ళు మాత్రం ఒక్క చోట నిలవవు. ఎవరు తుమ్మినా ఆఫ్రీన్ పకపకా నవ్వుతుంది.

ఒకరోజు ఆపా నన్ను ఎగాదిగా చూసి, "చెల్లె, జర దీన్ని పట్టుకుంటవా? చాయ్ తాగి ఉరికొస్త" అంది.

నా కుడిచేతికి ఇంకా పట్టు రాలేదని చెప్పాలనుకున్నాను. మాట బయటికి వచ్చేలోపే ఆఫ్రీన్ నా ఒళ్ళో ఉంది. తల నా భుజం మీద వాలింది. బిగుసుకున్న వేళ్ళలో నా జడ చిక్కుకుంది. ఆమె బరువు చూసి భయపడ్డాను కానీ, ఆ బరువు ఎక్కడ ఎలా పడుతుందో నా ఒంటికి తెలుసు. మెడ కింద చెయ్యి లేకపోతే ఎంత భయం వేస్తుందో తెలుసు. దిండు పెట్టించుకున్నది నేనే కదా.

ఆపా నిజంగానే ఉరికొచ్చింది. చేతిలో సగం ఒలికిన చాయ్ గ్లాసు. నిలబడే ఊదుకుంటూ తాగసాగింది.

"కూర్చోండి ఆపా," అన్నాను. అది ఆమెతో నేనుగా అన్న మొదటి మాట.

"కూసొని చాయ్ తాగుడు మర్శిపోయిన చెల్లె. కూసుంటె చాయ్ గొంతు దిగదు," అని నవ్వింది. ఆఫ్రీన్ కూడా నవ్వింది, నా జడ వదలకుండా.

మార్చి

పిల్లల కేంద్రం ఒకటి ఊళ్ళో కొత్తగా శిక్షణ పెడుతోందని ఫిజియో సార్ చెప్పారు. వైకల్యం ఉన్న పిల్లల ఇళ్ళకు వారంలో కొన్ని పూటలు వెళ్ళి, తల్లి కాస్త విశ్రాంతి తీసుకునేలా పిల్లను చూసుకోవాలి. రెస్పైట్ వర్కర్ అంటారట. "నువ్వు పనికొస్తవు," అన్నారాయన. ఆఫ్రీన్ నా ఒళ్ళో ఉండటం ఆయన చూసే ఉంటారు.

ఇంట్లో చెప్తే అమ్మకు కోపం వచ్చింది. "నీ కాళ్ళు నువ్వే సక్కగ మోసుకోలేవు, ఇంకొకళ్ళ బిడ్డను మోస్తవా? మళ్ళ పడితే నిన్నెవరు చూస్తరు? నేనా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోవలసి వస్తుందేమోనని ఆమె భయం. నాకూ ఆ భయం ఉంది.

నాన్న మాత్రం, "గదేం పని, మల్లొకసారి చెప్పు" అన్నాడు. చెప్పాను.

"అంటే బదిలీ," అన్నాడు.

మా వైపు గనుల్లో పర్మనెంటు మనిషి రాని రోజున అతని చోట దిగేవాడిని బదిలీ అంటారు. నాన్న బదిలీగానే చేరాడు. పొద్దున్నే సద్ది కట్టుకుని గని దగ్గరికి పోయేవాడు. ఎవరైనా నాగా పెడితే పని, లేకపోతే సద్ది తిని ఇంటికి. "బదిలీలు లేకుంటే జరమొచ్చినోడు గూడ గనిల దిగాల్సిందే. తల్లులకు నాగా లేదు, బదిలీ లేడు. పో బిడ్డా," అన్నాడు. వంటింట్లో చప్పుడు ఆగింది. కానీ అమ్మ సరేననలేదు.

శిక్షణలో ఎత్తడం, పక్కకు తిప్పడం, నిటారుగా కూర్చోబెట్టి తినిపించడం నేర్పారు. ఎత్తేటప్పుడు నా చేతి బలం తక్కువని ముందే చెప్పుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లను ఛాతీకి ఆనించుకుని, నేల మీద నుంచి చాప మీదికి జరపడం నాకోసం ప్రత్యేకంగా చూపించారు. ఒంటరిగా నిలబడి ఎత్తకూడదని ఖచ్చితంగా చెప్పారు. నాకు ఇచ్చిన మొదటి ఇల్లు షాహీన్ ఆపాది.

ఏప్రిల్

నా పని మొదలైన తర్వాత ఆపాకు విశ్రాంతి దొరకలేదు సరికదా, ఉన్న పని రెట్టింపయింది.

నేను వస్తానని ఆమె పొద్దున్నే లేచి ఇల్లంతా కడిగేది. దిండు గలీబులు మార్చేది. నేను కూర్చోగానే చాయ్, వెంట ఉస్మానియా బిస్కెట్లు. ఒకరోజు ఖీమా, ఒకరోజు డబల్ కా మీఠా. "ఇంటికొచ్చిన ఆడిబిడ్డను ఉత్తగ ఎట్ల పంపుత?" అనేది. నేను ఆఫ్రీన్‌కు అన్నం పెడుతుంటే వెనకాలే నిలబడి, "పెద్ద బుక్క పెట్టకు... నక్కో, దాల్ ఎక్కువైంది... ఆగు, నేను పెడత" అని చెంచా లాక్కునేది. నేను తిని, తాగి, ఇంటికి వచ్చేదాన్ని. కొంచెం ఒళ్ళు కూడా చేశాను. వద్దని చెప్పడానికి రోజూ దారిలో మాటలు కూడబలుక్కునేదాన్ని. గుమ్మం దగ్గరికి రాగానే మర్చిపోయేదాన్ని.

ఒకరోజు ఆమె డబల్ కా మీఠా గిన్నె తెస్తూ గోడ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ముఖం సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. నెలనెలా రక్తం పోయి పోయి ఒంట్లో రక్తమే లేదట. గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలి, ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

"మరి ఎందుకు చేయించుకోలేదు ఆపా?"

"నేను దవాఖానల పంటె దీనికి అన్నం ఎవరు పెడతరు? మా అమ్మకు బెల్లంపల్లిల మోకాళ్ళ నొప్పులు. మీ భాయి పెడితే ఇది నోరు తెరవది. ఒక్క పూట చూసిన, పొద్దంత ఉపాసం ఉన్నది."

అప్పుడు నాకు భయం వేసింది. నేను తింటున్న మిఠాయి ఈమె ఒంట్లోని బలమే అని తోచింది. నేను ఒంటరిగా ఆఫ్రీన్‌కు అన్నం పెట్టగలనని ఆమె నమ్మితే తప్ప ఆపరేషన్ జరగదు. ఆమె నమ్మాలంటే ముందు ఇంట్లోంచి బయటికి పోవాలి.

ఆ సంగతి నాన్నతో చెప్పాను. మర్నాడు నన్ను బండి మీద దింపడానికి తానే వచ్చాడు. మా నాన్నకూ కొత్తవాళ్ళతో మాట రాదు, నాకు ఆయన పోలికే. ఆపా "చాయ్ తాగి పోండి కాకా" అనగానే గుమ్మంలోనే నిలబడి నేల చూస్తూ అన్నాడు:

"చాయ్ తర్వాత బిడ్డా. నేను కొత్తల బొగ్గు కాడ పనిజేసేటప్పుడు షిఫ్టు మారితే పాతోడు కొత్తోనికి నాలుగు ముచ్చట్లు చెప్పేటోడు. పైకప్పు ఎక్కడ చప్పుడైతున్నది, నీళ్ళు ఎక్కడ ఊరుతున్నయి. చెప్పి పైకి పోయేటోడు. ఎనక్కి చూడద్దు. పాతోడు ఆన్నే నిలబడితే ఏమైతదో ఎరికేనా?"

"ఏమైతది కాకా?"

"ఇద్దరు పనిజెయ్యరు. ముచ్చట వెడతరు."

ఆపా పకపకా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వితే ఆఫ్రీన్ కూడా నవ్వింది. నవ్వు ఆగాక, ఆపా గుమ్మం దగ్గరే నాకు షిఫ్టు అప్పజెప్పింది. ఎడమ చెంపలో పెట్టిన బుక్క మింగదు. నీళ్ళు చెంచాతోనే. తల వెనక్కి పోతే ఆగాలి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో రాళ్ళు పేల్చే బ్లాస్టింగు అయితే భయపడదు, నవ్వుతుంది. ఇదంతా చెప్పి బురఖా వేసుకుని బయటికి నడిచింది. గేటు దాకా పోయి వెనక్కి చూసింది. నాన్న బండి మీద నుంచే వేలు చూపించాడు, పో అన్నట్టు.

ఇక నేను, ఆఫ్రీన్. కలిపిన అన్నం, పప్పు గిన్నె, చెంచా. ఆఫ్రీన్ పెదవులు బిగించింది. "ఒక్క బుక్క" అన్నాను. తల తిప్పుకుంది. రెండోసారి బతిమాలాను. కళ్ళు మూసుకుంది. చెంచా ఆమె నోటి ముందే పట్టుకుని ఉన్నానని అప్పుడు గమనించాను. ఆమె నోటినే కళ్ళార్పకుండా చూస్తున్నాను, అమ్మ నా వేళ్ళను చూసినట్టు.

చెంచా పక్కన పెట్టేశాను. గోడకు ఆనుకుని కూర్చుని, చదువుతున్న పుస్తకంలోని దొంగ కథ చెప్పడం మొదలుపెట్టాను. నలుగురి ముందు పెగలని నా గొంతు ఆ పిల్ల ముందు ఆగకుండా వచ్చింది. దొంగ గోడ దూకే చోట నేను చేతులు కూడా ఊపాను. సరిగ్గా అప్పుడే బ్లాస్టింగు అయింది. కిటికీలు గలగలలాడాయి. నేను ఎగిరిపడి పప్పు గిన్నె ఒళ్ళో పోసుకున్నాను.

ఆఫ్రీన్ నవ్విన నవ్వు పక్క వాడకు వినిపించి ఉంటుంది. నవ్వు పూర్తిగా తగ్గేదాకా ఆగాను. నవ్వుతూ ఉన్నప్పుడు పెడితే పొలమారుతుంది. తర్వాత చూస్తే పెదవులు వదులుగా ఉన్నాయి. మిగిలిన పప్పుతో చిన్న బుక్క కుడి చెంపలో పెట్టాను. మింగింది. ఇంకో బుక్కకు తానే నోరు తెరిచింది. దొంగ దొరికిపోయేలోపు గిన్నె ఖాళీ అయింది.

ఆపా తిరిగి వచ్చి ముందు గిన్నె చూసింది, తర్వాత పప్పుతో తడిసిన నా డ్రెస్సు చూసింది. "నీకు తినిపించిందా ఇది?" అంది. ఎక్కడికి పోయారని అడిగితే, "ఎటువోవాలెనో తెల్వలే చెల్లె. బస్టాండుల కూసొని బస్సులు చూసిన. మస్తున్నయి బస్సులు" అంది. తర్వాతి వారం చెల్లెలు వరసయ్యే ఆమె ఇంటికి పోయింది. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

జూన్

ఆపరేషన్ కరీంనగర్‌లో. బెల్లంపల్లి నుంచి ఆపా అమ్మ మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని వచ్చి దవాఖానలో తోడుండటానికి ఒప్పుకుంది. ఇంటి దగ్గర పగలు నేను, రాత్రి ఖాజా భాయి. కేంద్రం నుంచి ఇంకొక అమ్మాయి మధ్యలో వచ్చి స్నానానికి సాయం పడుతుందని ఏర్పాటు.

మొదటి రోజే నా కుడిచెయ్యి సాయంత్రానికి అలసిపోయి చెంచా పట్టలేకపోయింది. ఎడమచేత్తో పెట్టాను. అది నేను ఇంట్లో చెప్పలేదు. కానీ మర్నాడు అమ్మ కూర గిన్నె పట్టుకుని వచ్చింది. "ఇంట్ల మిగిలింది" అంది. అది వేడిగా పొగలు కక్కుతోంది. ఇల్లంతా చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా ఆఫ్రీన్ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాసి మర్దనా మొదలుపెట్టింది. నాకు నెలల తరబడి చేసిన చేతులవి. బిగుసుకున్న మడమలు మెల్లగా వదులయ్యాయి.

"నీ కంటె ఇదే నయం," అంది నాతో. "నూనె పెడితే నవ్వుతది. నువ్వు మూతి ముడిచేటిదానివి."

ఆ రోజు నుంచి ఇంట్లో రోజూ ఏదో ఒక కూర మిగిలేది.

ఆపరేషన్ రోజు పొద్దంతా ఫోను పక్కనే పెట్టుకున్నాను. ఆఫ్రీన్‌కు ఏదో తెలిసినట్టుంది, ఎవరు తుమ్మినా నవ్వలేదు. మా అమ్మ కావాలని రెండు సార్లు తుమ్మింది కూడా. సాయంత్రం ఖాజా భాయి వచ్చి, "హోగయా, అంతా మంచిగనే అయింది" అని గడప మీదే కూర్చుని తలపట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడుపు చూసి ఆఫ్రీన్‌కు నవ్వొచ్చింది. ఆమె నవ్వు చూసి ఆయన కూడా నవ్వాడు. నేను అన్నం కలిపాను.

తర్వాత రోజుల్లో ఆపా ఫోన్ చేస్తూనే ఉంది. హలో కూడా అనదు. తిన్నదా, పన్నదా, నీళ్ళు తాగిందా, ఎడమ చెంపల పెట్టలేదు గదా, అమ్మ కోసం ఏడ్చిందా. నేను అన్నిటికీ జవాబు చెప్పేదాన్ని. ఆఫ్రీన్ చెవి దగ్గర ఫోను పెడితే అటు నుంచి ముద్దుల చప్పుడు, ఇటు నుంచి నవ్వు.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆఫ్రీన్ తిని నిద్రపోయింది. అమ్మ పక్కనే చాప మీద కునుకు తీస్తోంది. నేను వరండాలోకి వచ్చి, అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని "చెప్పండి ఆపా" అన్నాను. అటువైపు ఆవలింత వినిపించింది. పొడవాటి, తీరుబాటు ఆవలింత. ఆపా తిన్నదా అని అడగలేదు, పన్నదా అని అడగలేదు.

"చెల్లె, డాక్టరమ్మ రేపు ఇంటికి పొమ్మంటున్నది. నేను ఎల్లుండి పోత అని చెప్పిన. ఇంకొక్క రోజు ఉండనియ్యే, ఈడ మస్తు నిద్రవడుతున్నది."